పిల్లలు, పెద్దవాళ్ళతో తాడోబా సఫారీ: గది కంటే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి మే సెలవుల్లో ఆరుగురు మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరున్న తాడోబా పులుల అడవికి వెళ్ళాలి. మీ దంపతులు, ఎనిమిదో తరగతి బాబు, ఏడేళ్ళ పాప, అరవై అయిదు దాటిన మీ అమ్మగారు, నాన్నగారు. రెండు రోజులు, పులి కనపడాలి. ఏ రిసార్టు మంచిది, ఏ గేటు మంచిది, ఖర్చెంత?

ఈ వరసనే నేను తిరగేస్తాను. రిసార్టు ఆఖర్న చూసుకునే విషయమండీ. ముందు ఏ నెల, తర్వాత ఎన్ని సఫారీలు, ఆ తర్వాత ఏ గేటు, ఆ గేటుకు టికెట్లు దొరికాకే గది. చాలామంది ఆఫర్ చూసి గది బుక్ చేసేసుకుని, ఆనక సఫారీ టికెట్ల కోసం పరిగెడతారు. అప్పటికి శని, ఆదివారాల కోర్, అంటే అడవి నడిమి భాగం, టికెట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. చేతిలో ఈతకొలను ఉన్న గది, అడవిలోకి మాత్రం దారి లేదు. తాడోబాలో మీరు గదిలో ఉండేది ఎంతసేపని? తెల్లారకముందే లేచి వెళ్తారు, పదింటికి వచ్చి తిని పడుకుంటారు, మళ్ళీ మధ్యాహ్నం బండెక్కుతారు. ఏసీ పనిచేస్తూ, వేణ్ణీళ్ళు వస్తూ, తెల్లవారుజామున టీ ఇచ్చే చోటైతే చాలు. మిగిలిన డబ్బంతా సఫారీల మీద పెట్టండి. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే, కింద రాసేదంతా దీని వివరణే.

ముందు నెల సంగతి. మేలో పులి బాగా కనిపిస్తుందన్న మాట నిజమే. ఆకు రాలిపోయి అడవి లోపలిదాకా చూపు ఆనుతుంది, వాగులు ఎండిపోతాయి, ఉన్న నాలుగు నీటిగుంటల దగ్గరికి ప్రతి జంతువూ రావాల్సిందే. ఫోటోల కోసం వెళ్ళేవాళ్ళంతా ఏప్రిల్, మే అనేది అందుకే. కానీ చంద్రపూర్ ఎండ సంగతి మీకు తెలుసు కదా, రామగుండం ఎండకు అన్నలాంటిది. మేలో 45 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. మధ్యాహ్నం సఫారీ మొదలయ్యేది సరిగ్గా ఆ ఎండలోనే, పైకప్పు లేని జిప్సీ జీపులో, వడగాలికి ఎదురుగా. నలభై ఏళ్ళవాడికే కళ్ళు బైర్లు కమ్ముతాయి. బీపీ మాత్రలు వేసుకునే పెద్దాయనను, ఏడేళ్ళ పిల్లను ఆ బండిలో నాలుగు గంటలు కూర్చోబెట్టమని నేను చెప్పను.

మీ ఇంటిల్లిపాదికీ సరిపడే కాలం ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మూడో వారం దాకా. చలి పోయి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు, మోదుగలు ఎర్రగా పూసి ఉంటాయి, ఆకు సగం రాలి ఉంటుంది. పిల్లల పరీక్షలు అడ్డమంటే సంక్రాంతి సెలవులు చూడండి. జనవరి పొద్దున జిప్సీలో చలి కోత పెడుతుంది, స్వెట్టర్ మీద ఇంకోటి, చెవులకు మఫ్లర్, ఒక దుప్పటి తప్పవు, అయినా వడదెబ్బ కంటే చలి నయం. పైగా చలికాలం పొద్దున్నే పులులు కూడా ఎండ పొడ కోసం రోడ్ల మీదికి వస్తుంటాయి. దసరా సెలవులైతే అడవి అప్పుడే తెరుచుకుని పచ్చగా, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ గడ్డి నిలువెత్తు ఉంటుంది కాబట్టి పది అడుగుల దూరంలో పులి పడుకుని ఉన్నా మీకు తెలియదు. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా వానలకు కోర్ మూసేస్తారు. ఏ కాలంలోనైనా మంగళవారం కోర్‌కు వారపు సెలవు, ప్లాన్ మధ్యలో మంగళవారం పడకుండా చూసుకోండి.

ఇక మే తప్ప కుదరదంటే ఒక సర్దుబాటు ఉంది. పొద్దుటి సఫారీలకు అందరూ వెళ్ళండి, మధ్యాహ్నం వాటికి మీరిద్దరూ బాబూ మాత్రం వెళ్ళండి. పాపనూ పెద్దవాళ్ళనూ గదిలో మజ్జిగ తాగి పడుకోనివ్వండి. వాళ్ళేదో పోగొట్టుకున్నట్టు బాధపడక్కర్లేదు.

ఎన్ని సఫారీలు? ఇంత దూరం వెళ్ళాక నాలుగుకు తగ్గొద్దు. మొదటి సఫారీలో ఊరకే కళ్ళు తిప్పుతూ ఉంటాం, ఏం చూడాలో ఎటు చూడాలో తెలియదు. రెండోదానికి అడవి కాస్త అర్థమవుతుంది. మూడోదానికి మనమే గైడ్ కంటే ముందు ‘అదిగో కణితి (సాంబార్ జింక) అరిచింది, పులి దగ్గర్లోనే ఉంది’ అంటాం. ఒక్క సఫారీకే వెళ్ళి రోడ్డు మీద నాలుగు పిల్లలతో నడిచొచ్చే ఆడపులిని చూసొచ్చినవాళ్ళున్నారు, అయిదు చేసి తోక కూడా చూడకుండా వచ్చినవాళ్ళున్నారు. గ్యారంటీ ఎవరిచ్చినా, రిసార్టు వాళ్ళయినా ట్రావెల్స్ వాళ్ళయినా, అబద్ధం. మీరు చేయగలిగిందల్లా అవకాశాలు పెంచుకోవడమే, అందుకు దారి ఎక్కువసార్లు లోపలికి వెళ్ళడం.

గేట్ల దగ్గర అందరికీ అయోమయం. తాడోబా 1955లో జాతీయ ఉద్యానవనం అయింది, మహారాష్ట్రలో అన్నిటికంటే పాతది. పక్కనున్న అంధారీ అభయారణ్యాన్ని 1986లో ఏర్పాటు చేశారు, రెండూ కలిసి 1995లో పులుల సంరక్షణ కేంద్రం అయ్యాయి. దీని నడిమి భాగం కోర్, చుట్టూ ఊళ్ళూ పొలాలూ కలిసిన అడవి బఫర్. కోర్‌కు మొహర్లీ, ఖుట్‌వండా, కోలారా, నవేగావ్, పాంగ్డీ, ఝరీ అని గేట్లు. బఫర్‌కు అగర్‌ఝరీ, జునోనా, దేవడా, అలీఝంఝా, మద్నాపూర్ లాంటివి చాలా. మనవైపు నుంచి, అంటే చంద్రపూర్ మీదుగా వెళ్ళేవాళ్ళకు దగ్గరిది మొహర్లీ. నాగపూర్ నుంచి దిగేవాళ్ళకు కోలారా, నవేగావ్ వీలు.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు చెప్తాను. మ్యాప్‌లో మొహర్లీ, కోలారా రెండూ ఒకే అడవికి రెండు వైపులా కనిపిస్తాయి, మధ్యలో రోడ్డు కూడా కనిపిస్తుంది. ఆ రోడ్డు అడవి లోపలిది, సొంత కారులో దాని మీద పోనివ్వరు. బయటి నుంచి చుట్టి వెళ్ళాలంటే గంటల పని. గది మొహర్లీలో, పొద్దుటి సఫారీ కోలారాలో పెట్టుకుంటే తెల్లవారుజామున మూడింటికి లేచి కారు నడపాలి, అదీ అడవి అంచు రోడ్ల మీద. అందుకే నాలుగు సఫారీలూ ఒకే వైపు గేట్ల నుంచి, గది ఆ గేటుకు పదీ పదిహేను నిమిషాల దూరంలో. మీకైతే మొహర్లీ కోర్ మూడు, దాన్ని ఆనుకునే ఉన్న అగర్‌ఝరీ గానీ జునోనా గానీ బఫర్ ఒకటి. మొహర్లీ నుంచి వెళ్ళినా కోలారా నుంచి వెళ్ళినా కోర్ లోపల చాలావరకు తిరిగేది అవే దారుల్లోనే, తాడోబా చెరువు దాకా రెండు వైపుల జిప్సీలూ వస్తాయి. ‘ఫలానా గేట్లోనే పులులు’ అన్న మాటకు అంత విలువ లేదు. ఆ వారం ఏ ఆడపులి పిల్లల్ని ఎక్కడ పెట్టుకుందన్నదే లెక్క, అది నెల నెలకూ మారుతుంది.

పేరున్న పులుల కోసం కూడా ప్లాన్ వేయకండి. మాయ అనే ఆడపులి కోసం జనం ఏళ్ళ తరబడి పాంఢర్‌పౌనీ నీటి దగ్గర జిప్సీలు వరస కట్టించారు. 2023 ఆగస్టు తర్వాత అది మళ్ళీ కనిపించలేదు. ఇన్‌స్టాలో వీడియో చూసి ‘ఆ పులినే చూపించు’ అని గైడ్‌ను వేధించేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బఫర్ అంటే తక్కువరకం అనుకోకండి. టికెట్ తేలిగ్గా దొరుకుతుంది, ఖర్చు తక్కువ, పులులు గీత చూసి ఆగవు కాబట్టి సైటింగ్‌లు కూడా బాగానే ఉంటాయి. తేడా ఏంటంటే అక్కడ మనుషులూ కనిపిస్తారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్ళు, తర్వాత తునికాకు కోసేవాళ్ళు, పశువులు తోలుకెళ్ళే పిల్లలు. చంద్రపూర్ జిల్లాలో పులి దాడుల్లో చనిపోయేవాళ్ళు ఏటా ఉంటున్నారు, వాళ్ళు ఇలాంటి ఊళ్ళవాళ్ళే. మనం డబ్బు కట్టి చూడబోయే జంతువు పక్కనే వాళ్ళు చీకటితో లేచి పూలు ఏరుతున్నారని పిల్లలకు చెప్పండి. ఇంకో సంగతి, మీ గది కూడా బఫర్ పక్కనే ఉంటుంది, రాత్రి భోజనాలయ్యాక ‘అలా నడిచొద్దాం’ అని రిసార్టు గేటు దాటొద్దు. రాత్రి సఫారీ చేయిస్తామని ఎవరైనా ఆశపెడితే ఒప్పుకోకండి, పులుల అడవుల్లో రాత్రి టూరిజం వద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

బుకింగ్ మహారాష్ట్ర అటవీశాఖ వారి తాడోబా వెబ్‌సైట్‌లోనే చేసుకోండి. ముందస్తు కోటా తెరిచిన రోజే శని, ఆదివారాలు ఎగిరిపోతాయి, వీలుంటే బుధ, గురువారాలు పెట్టుకోండి, ఫీజు కూడా వారాంతం కంటే తక్కువ. చివరి రోజుల్లో తత్కాల్ కోటా ఉంటుంది, కానీ ఆరుగురితో, అందులో పెద్దవాళ్ళతో, దాని మీద ఆధారపడటం ఉత్త టెన్షన్. ఒక జిప్సీకి డ్రైవర్, గైడ్ కాక ఆరుగురు, అంటే మీ కుటుంబానికి సరిగ్గా ఒక బండి. ఖర్చు లెక్క వేసేటప్పుడు గుర్తుంచుకోండి: ప్రవేశ రుసుము, జిప్సీ అద్దె, గైడ్ ఫీజు ఇవన్నీ కలిస్తేనే ఒక సఫారీ, పెద్ద లెన్స్ కెమెరాకు అదనం. అంకెలు మారుతుంటాయి కాబట్టి నేను రాయను, వెబ్‌సైట్‌లో మీ తేదీ నొక్కితే అదే చూపిస్తుంది. దాన్ని నాలుగుతో హెచ్చవేసి, అది పక్కన పెట్టాక మిగిలిన దాంట్లో గది వెతకండి. మొహర్లీలో ఇరై జలాశయం ఒడ్డున మహారాష్ట్ర టూరిజం వాళ్ళ రిసార్టు ఉంది, ఆర్భాటం ఉండదు, చోటు మాత్రం బంగారం.

బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు నంబరు ఇచ్చారో గేటు దగ్గర అదే కార్డు ఒరిజినల్ చూపించాలి. ఆధార్ ఇచ్చి ఓటరు కార్డు తెస్తే వాదన మొదలవుతుంది, వెనకాల ఇరవై జిప్సీలు హారన్ కొట్టకుండా మిమ్మల్నే చూస్తుంటాయి. ‘టికెట్లు మా దగ్గర ఉన్నాయి, పేర్లు మేం చూసుకుంటాం’ అనే ఏజెంట్ల జోలికి పోవద్దు. వేరేవాళ్ళ పేరు మీద తీసిన టికెట్ గేటు దగ్గర చెల్లదు, డబ్బు తీసుకున్నవాడు అప్పుడు ఫోన్ ఎత్తడు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది, లోపలికి ఫోన్లు తేనివ్వరు. గదిలోనే పెట్టేయండి. ఇదివరకు ఫోన్లున్న రోజుల్లో ఒక పులి కనపడగానే డ్రైవర్లందరికీ కబురు వెళ్ళి ఇరవై బండ్లు ఒకే మలుపులో ఇరుక్కునేవి, ఇప్పుడా గోల కొంత తగ్గింది. చేతికి మామూలు గడియారం పెట్టుకోండి. బాబుకు ఫోటోల సరదా ఉంటే చిన్న కెమెరా అరువు తెచ్చుకోండి. కెమెరా కంటే ముఖ్యం బైనాక్యులర్, 8×42 అని రాసి ఉన్నది, కనీసం రెండు, లేకపోతే పిల్లలు కొట్టుకుంటారు.

లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను, ఇది తెలిస్తే నాలుగు గంటలు విసుగు రాదు. డ్రైవర్ తిప్పుతూ ఉంటాడు, గైడ్ కిందికి చూస్తూ ఉంటాడు. తాడోబా మట్టిదారుల్లో దుమ్ము పిండిలా ఉంటుంది, అడుగు పడితే అచ్చు దిగుతుంది. గైడ్ బండి ఆపి దారి పక్కన ఒక పంజా గుర్తు చూపిస్తాడు. ఊరకే ఫోటో తీసుకుని వదిలేయకండి, దాని మీద టైరు గుర్తు ఉందేమో చూడండి. పంజా మీద టైరు ఉంటే బండ్లు రాకముందే పులి వెళ్ళిపోయింది. టైరు మీద పంజా ఉంటే మన ముందు బండి వెళ్ళాక అది ఈ దారిన నడిచింది, అంటే ఇక్కడే ఎక్కడో ఉంది. మగపులి పంజా కాస్త చదరంగా, ఆడపులిది కాస్త కోలగా ఉంటుంది. కొన్ని చోట్ల చెట్టు మొదలు దగ్గర గుప్పున బాస్మతి అన్నం ఉడికిన వాసన వస్తుంది. అడవిలో అన్నం ఎవరు వండారా అనుకుంటారు, అది పులి తన హద్దు చెప్పడానికి చిమ్మిన వాసన. బాస్మతికి ఆ వాసననిచ్చే పదార్థమే పులి చిమ్మే ద్రవంలోనూ ఉంటుంది. మా వాళ్ళెవ్వరూ మొదట నమ్మరు, వాసన చూశాక నోరు మూసుకుంటారు.

తర్వాతది వినడం. నీటిగుంట దగ్గరో నాలుగు దారుల కూడలి దగ్గరో ఇంజన్ ఆపేసి అందరూ చెవులు రిక్కిస్తారు. చుక్కల దుప్పి సన్నగా ‘క్యావ్’మంటుంది, కానీ దానికి భయమెక్కువ, అన్నిటికీ అరుస్తుంది. చెట్టు పైన కొండముచ్చు దగ్గినట్టు ఖక్ ఖక్‌మంటే కొంచెం సీరియస్‌గా తీసుకోవాలి, దానికి పైనుంచి కనిపిస్తుంది కదా. కణితి గట్టిగా ‘ఢాంక్’ అని ఒక్కసారి మోగిస్తే మాత్రం డ్రైవర్ చెయ్యి తాళం మీదికి పోతుంది, కణితి ఉత్తినే అరవదు. ఆ అరుపులు ఎటువైపు నుంచి ఎటు జరుగుతున్నాయో గమనిస్తే పులి ఎటు నడుస్తోందో తెలుస్తుంది. అప్పుడు గైడ్ బండిని అరుపు దగ్గరికి కాకుండా, పులి రోడ్డు దాటబోయే చోటికి తీసుకెళ్ళి ఆపుతాడు. మంచి గైడ్‌కూ మామూలు గైడ్‌కూ తేడా ఇక్కడే. ఇలాంటప్పుడు ‘ఇక్కడేం లేదు, వేరే చోటికి పోదాం పద’ అని తొందరపెట్టేవాళ్ళకే పులి కనపడదు.

ఎండాకాలం నీటి దగ్గరికి వచ్చిన పులిని చూసే భాగ్యం దక్కితే ఒకటి గమనించండి. చాలాసార్లు అది వెనక్కి తిరిగి, ముందు తోక, తర్వాత నడుము నీళ్ళలోకి దించి, మెడ దాకా మునిగి, ముఖం మాత్రం మనవైపే పెట్టుకుని కూర్చుంటుంది. అలా గంట కూర్చున్నా కూర్చుంటుంది. పాప ‘అమ్మా అది స్నానం చేస్తోంది’ అని గట్టిగా అనకుండా ముందే చెప్పి ఉంచండి.

అక్కడి గైడ్లు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, గోండులు చాలామంది, ఆడవాళ్ళు కూడా ఉన్నారు. మరాఠీ, హిందీ మాట్లాడతారు. చంద్రపూర్, బల్లార్పూర్, రాజురా ప్రాంతంలో తెలుగువాళ్ళు బోలెడు మంది, అప్పుడప్పుడు తెలుగు వచ్చిన డ్రైవరే తగులుతాడు. ఎక్కగానే ‘పులి’ అనకుండా, ‘అన్నా, నెమ్మదిగా తిప్పు, పక్షులూ చెట్లూ అన్నీ చూపించు, పులి దొరికితే సంతోషం’ అనండి. ఆయన భుజాల మీంచి బరువు దిగి, తనకు తెలిసినవన్నీ బయటికి తీస్తాడు. ఎలుగుబంటి ఇప్పచెట్టు కిందికి ఏ వేళకు వస్తుందో, రేసుకుక్కల గుంపు మొన్న ఎక్కడ వేటాడిందో ఆయనకు తెలుసు. నన్నడిగితే రేసుకుక్కలు వేటకు దిగడం చూడటం పులిని చూడటం కంటే అరుదైన సంగతి. అడవిదున్న రోడ్డుకు అడ్డంగా నిలబడితే బాబు పులి మాట మరిచిపోతాడు, అంత ఉంటుంది అది.

మొహర్లీ నుంచి లోపలికి వెళ్ళే తారు రోడ్డు పక్కన వరసగా పాత రాతి స్తంభాలు కనిపిస్తాయి, గోండు రాజుల కాలంవని చెప్తారు. తాడోబా చెరువులో మొసళ్ళు ఉంటాయి, ఒడ్డున తారు దేవుడి గుడి ఉంది. తారు అనే గోండుల పెద్ద ఒక పులితో పోరాడి చనిపోయాడని, అడవికి ఆ పేరే వచ్చిందని చెప్పుకుంటారు, పుష్యమాసంలో అక్కడ జాతర జరుగుతుంది. జామ్ని, నవేగావ్ దగ్గర అడవి మధ్యలో విశాలంగా గడ్డిమైదానాలు వస్తాయి. అవి ఒకప్పుడు ఊళ్ళు, జనాన్ని బయటికి తరలించాక పొలాలు గడ్డి అయ్యాయి, ఇప్పుడు దుప్పులు మందలు మందలుగా మేస్తుంటాయి. ఇవన్నీ అడిగితేనే చెప్తారు.

పెద్దవాళ్ళ విషయంలో రెండు మూడు చెప్పాలి. జిప్సీ ఎక్కాలంటే కాలు బాగా ఎత్తాలి, మోకాళ్ళ నొప్పులుంటే చిన్న స్టూలు అడగండి, రిసార్టుల్లో ఉంటుంది. వాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టండి, వెనక వరసలో ప్రతి గుంతకూ నడుము ఎగిరిపడుతుంది. నడుముకు ఒక దిండు పెట్టండి. లోపల మధ్యలో ఒకచోట తప్ప కిందికి దిగనివ్వరు, బాత్రూమ్ కూడా అక్కడే, కాబట్టి పొద్దున టీ ఒక్క కప్పుతో సరిపెట్టడం మంచిది. నీళ్ళు మానమని కాదు, కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, తువ్వాలు, ముఖానికి కట్టుకునే గుడ్డ ఆరుగురికీ విడివిడిగా. ముందు బండి లేపిన దుమ్ము సాయంత్రానికి కనుబొమల మీద పేరుకుంటుంది, ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ జేబులోనే పెట్టుకోవాలి. బట్టలు ఆకుపచ్చ మిలిటరీ డ్రెస్సే అక్కర్లేదు, తెలుపు, ఎరుపు, మెరిసేవి కాకుండా ఏదైనా పర్లేదు. సెంటు కొట్టుకోవద్దు.

పాపకు ముందే చెప్పాల్సింది రెండే: గట్టిగా మాట్లాడకూడదు, లేచి నిలబడి చెయ్యి బయట పెట్టకూడదు. ఏడేళ్ళ పిల్లకు నాలుగు గంటలు ఎక్కువే, రెండో గంటకే ఆవలిస్తుంది. ఒక పుస్తకం ఇచ్చి చూసిన ప్రతి జంతువుకూ పక్షికీ గీత పెట్టమనండి. పాలపిట్ట, నెమలి, వడ్రంగిపిట్ట, పొడుగు తోక పిట్ట, కొండముచ్చు అంటూ లెక్క పెరుగుతుంటే తనకు పులి లేని లోటు ఉండదు. నిద్రపోతే నిద్రపోనివ్వండి.

దారి సంగతి. కారులో అయితే మంచిర్యాల, ఆసిఫాబాద్, రాజురా, బల్లార్పూర్ మీదుగా చంద్రపూర్ దాదాపు 400 కిలోమీటర్లు. ఆదిలాబాద్ దాకా నాలుగు వరసల రోడ్డు మీద వెళ్ళి అక్కడి నుంచి కోర్పనా, గడ్‌చాందూర్ మీదుగా కూడా పోవచ్చు, ఆ వైపు సిమెంటు లారీలు ఎక్కువ. ఎలా వెళ్ళినా చీకటిపడేలోపు చేరేలా బయల్దేరండి. ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ ప్రాంతమంతా తాడోబా పులులు కవ్వాల్ వైపు వచ్చిపోయే దారి, అక్కడ మీరు చూడకపోయినా మిమ్మల్ని ఏదో ఒకటి చూస్తూనే ఉంటుంది. కానీ పెద్దవాళ్ళున్నారు కాబట్టి నా ఓటు రైలుకే. కాజీపేట మీదుగా ఢిల్లీ వైపు వెళ్ళే చాలా ఎక్స్‌ప్రెస్‌లు బల్లార్షాలో (బల్లార్పూర్ స్టేషన్ పేరు ఇదే) ఆగుతాయి, అక్కడ దిగి కారు మాట్లాడుకుంటే గంట, గంటంపావులో మొహర్లీ. గది వాళ్ళనే బండి పంపమంటే సరి. విజయవాడ, వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్ళకూ ఇదే లైను.

‘ఇంత ఖర్చు ఎందుకు, మన దగ్గర లేవా’ అని నాన్నగారు అంటే ఆ మాటలోనూ న్యాయం ఉంది. నల్లమలలో మన్ననూరు దగ్గర ఫర్హాబాద్ సఫారీ ఉంది, ఆంధ్ర వైపు తుమ్మలబైలు ఉంది, కవ్వాల్‌లో జన్నారం ఉంది. అడవి చూడాలి, పిల్లలకు అలవాటు చేయాలి అంటే అవి ఒక్క రోజులో అయిపోతాయి. పులి కనిపించడం మాత్రం అక్కడ చాలా అరుదు. పాప ఎంతసేపు కూర్చోగలదో, నాన్నగారి నడుము జిప్సీకి తట్టుకుంటుందో లేదో తెలుసుకోవడానికి ముందొకసారి ఫర్హాబాద్ వెళ్ళి చూడండి.

మొత్తం మీద నేనైతే మీకు ఇలా వేస్తాను. మార్చి మొదట్లో మంగళవారం రాత్రి రైలెక్కి బుధవారం పొద్దున దిగడం, మధ్యాహ్నం అగర్‌ఝరీ బఫర్, దానితో అందరికీ బండి అలవాటవుతుంది. గురువారం పొద్దున, మధ్యాహ్నం మొహర్లీ కోర్, మధ్యాహ్నానిది పెద్దవాళ్ళ ఇష్టం, అప్పుడు పాపను వాళ్ళ దగ్గర వదలొచ్చు. శుక్రవారం పొద్దున మళ్ళీ కోర్, వచ్చి స్నానాలు, భోజనం, సాయంత్రం రైలు. రెండు రాత్రుళ్ళు, నాలుగు సఫారీలు. డ్రైవర్‌కూ గైడ్‌కూ పులి కనపడినా కనపడకపోయినా టిప్ ఒకేలా ఇవ్వండి, పులి చూపిస్తేనే ఎక్కువ అంటే వాళ్ళు పులి కోసం బండ్లు పరిగెత్తించడం మొదలుపెడతారు. శుక్రవారం రైలుకు టైముంటే చంద్రపూర్‌లో మహాకాళి గుడి, గోండు రాజుల కోట గోడలు దారిలోనే, అమ్మగారిని గుడికి తీసుకెళ్ళండి. చైత్రంలో అయితే అక్కడ జాతర, కాలు పెట్టడానికి చోటుండదు, మార్చి మొదట్లో ఆ ఇబ్బంది లేదు.